మామూలు రోజు కోసం వెతుకులాట: బడి తనిఖీలో అసలు పని

తనిఖీ అధికారులు వస్తున్నారన్న కబురు అందిన మరుక్షణం నుంచి బడి మారిపోతుంది. గోడల మీద కొత్త చార్టులు వెలుస్తాయి. వారాల తరబడి దిద్దకుండా ఉన్న నోట్‌బుక్కులు రాత్రికి రాత్రి ఎర్ర సిరాతో నిండుతాయి. మామూలుగా అరుపులతో సాగే గది ఆ పూట నెమ్మదిస్తుంది. దీన్ని మోసమని కొట్టిపారేయడం సరికాదు. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే ఇల్లు సర్దుకోని వాళ్లుండరు. అయితే తనిఖీకి వెళ్లేవారు చుట్టపుచూపుగా వెళ్లరు. తాము అక్కడ లేనప్పుడు, బయటి మనిషి ఎవరూ చూడని ఒక మంగళవారం మధ్యాహ్నం ఆ గదిలో ఏం జరుగుతుందన్నదే వాళ్లకు కావాలి. కళ్లెదుట ఉన్న రోజును బట్టి కనిపించని రోజుల్ని అంచనా కట్టాలి, ఆ అంచనాకు ఆధారం చూపించాలి. ఈ వృత్తిలో కష్టమూ నేర్పూ రెండూ ఇక్కడే ఉన్నాయి.

బయటివారి దృష్టిలో ఇది ఫైళ్లు తిరగేసి సంతకం పెట్టే ఉద్యోగం. ఫైళ్లు ఉంటాయి, నిజమే. సిబ్బందిని తీసుకునేటప్పుడు వాళ్ల పూర్వాపరాలు విచారించారా, మంటలు రేగితే బయటపడే దారులు తెరిచి ఉన్నాయా, పిల్లల మీద వేధింపుల ఫిర్యాదు వస్తే ఎవరికి చెప్పాలో బడిలో అందరికీ తెలుసా అన్నవి తప్పనిసరిగా చూడాల్సినవే. కాగితం ఉందా లేదా అన్నంత వరకూ ఇందులో పెద్ద చిక్కేమీ లేదు. ఒక్క హాజరు పట్టీ దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగాలి. సగటు హాజరు శాతం చూసి పేజీ తిప్పేస్తే అసలు సంగతి జారిపోతుంది. వారంలో ఏ రోజు ఖాళీలు ఎక్కువ? ఒకే పిల్ల ప్రతిసారీ లెక్కల పీరియడ్ ఉన్న పూటే రావడం లేదా? పరీక్షల ముందు ఎవరి పేర్లు పట్టీ నుంచి మాయమయ్యాయి, ఆ పిల్లలు ఇప్పుడెక్కడున్నారు? చదువులో వెనకబడిన పిల్లల్ని మెల్లగా బయటికి పంపించి ఫలితాలు బాగున్నాయనిపించుకునే బడులు లోకంలో లేకపోలేదు. ఆ పిల్లలు తరగతి గదిలో కనిపించరు కాబట్టి, వాళ్లు ఉండేవారన్న గుర్తు ఆ పట్టీలో మాత్రమే మిగులుతుంది.

ఇక తరగతి గది. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారి చూపు టీచర్ మీద నిలుస్తుంది. మాట స్పష్టంగా ఉందా, బోర్డు చక్కగా వాడుతున్నారా, ప్రశ్నలు అడుగుతున్నారా అని చూస్తారు. అనుభవం పెరిగేకొద్దీ చూపు పిల్లల వైపు మళ్లుతుంది. ముప్పై మంది ఉన్న గదిలో టీచర్ ఒక ప్రశ్న వేస్తే ఐదు చేతులు లేస్తాయి. ఒకరు సరైన జవాబు చెబుతారు, పాఠం ముందుకు సాగుతుంది. బయటి కంటికి అంతా బాగానే ఉంది. అప్పుడు చూడాల్సింది ఎత్తని పాతిక చేతుల వైపు. వాళ్లలో ఎవరి పక్కనైనా కూర్చుని, గొంతు తగ్గించి, "ఇప్పుడు ఏం చేస్తున్నావు?" అని అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. "ఇది రాసుకోమన్నారు" అన్నది ఒకటి. "ఈ రెండు భిన్నాలూ కలపాలి, హారాలు వేరుగా ఉన్నాయి, ముందు వాటిని ఒకటి చేయాలి" అన్నది రెండోది. ఈ రెండు జవాబుల మధ్య ఉన్న దూరం టీచర్ ప్రదర్శనను ఎంతసేపు చూసినా తెలియదు.

భిన్నాల సంగతే ఇంకొంచెం లోతుగా చూద్దాం. సగానికి మూడో వంతు కలిపితే ఆరింట ఐదు వంతులు రావాలి. ఒక పిల్లవాడు లవాలు లవాలతో, హారాలు హారాలతో కూడేసి ఐదింట రెండు వంతులు అని రాశాడు. తనిఖీ రోజున ఆ తప్పు కనిపించడంలో వింతేమీ లేదు, నేర్చుకునేవాడు తప్పులు చేస్తాడు. అదే పిల్లవాడి నోట్‌బుక్కులో మూడు వారాలు వెనక్కి వెళ్లాలి. అక్కడా ఇదే రకం తప్పు ఉండి, దాని పక్కన టిక్కు గుర్తు ఉంటే, ఆ టిక్కు ఎవరూ చూడని రోజున పడింది. లేదా తప్పు దిద్ది ఉంది, కింద సరైన పద్ధతీ రాసి ఉంది, అయినా తర్వాతి వారం అదే తప్పు మళ్లీ వచ్చింది. అంటే దిద్దడం జరిగింది గానీ మళ్లీ నేర్పడం జరగలేదు. ఒక పాఠాన్ని ముందే సాధన చేయించి చూపించవచ్చు. మూడు నెలల నోట్‌బుక్కును ఒక రాత్రిలో తయారుచేయడం కష్టం. అందుకే దాని మధ్య పేజీలు మంచి సాక్షులు.

అయితే ఏ నోట్‌బుక్కులు చూడాలో నిర్ణయించాల్సింది తనిఖీ బృందం. బల్ల మీద ముందే పేర్చిపెట్టిన పదింటిని తిరగేసి సంతృప్తి పడితే, బడి ఎంచి చూపినంత మేరకే తెలుస్తుంది. పట్టీలోంచి పేర్లు ఎంచి, బాగా చదివే ఒకరిదీ, వెనకబడిన ఒకరిదీ, ఈ మధ్యే బడిలో చేరిన ఒకరిదీ అడిగి తెప్పించుకోవాలి. చిన్న తరగతుల్లో చదివించి వినడం కూడా ఇలాగే ఉండాలి. బడివారు పిలిచే పిల్లలు ఎలాగూ గడగడా చదువుతారు. తడబడే పిల్లల్ని అడిగి పిలిపించి, వాళ్లు ఇంతకు ముందు చూడని పుస్తకం చేతికివ్వాలి. పాత పుస్తకమైతే అది చదువో జ్ఞాపకమో తేల్చుకోవడం కష్టం.

ఈ చివరి జాగ్రత్తకు పెద్ద చరిత్రే ఉంది. బ్రిటన్ పార్లమెంటు 1833లో బడి భవనాల కోసం 20,000 పౌండ్లు మంజూరు చేసింది. ప్రజాధనం వెళ్తున్నప్పుడు చూసేవారు కావాలి కాబట్టి 1839లో ఇద్దరు ఇన్‌స్పెక్టర్లను నియమించారు. మరుసటి ఏడాది వాళ్లకిచ్చిన మార్గదర్శకాల్లో ఒక మాట స్పష్టంగా ఉంది: తనిఖీ ఉద్దేశం బడుల మీద పెత్తనం చేయడం కాదు, వాటికి సాయపడటం. ఇంత మంచి మాటతో మొదలైన పని 1862లో పూర్తిగా దారి తప్పింది. ఆ ఏడాది వచ్చిన కొత్త నియమావళి ప్రకారం ఇన్‌స్పెక్టర్ ఒక్కో పిల్లను చదవడంలో, రాయడంలో, లెక్కల్లో విడివిడిగా పరీక్షించాలి. మూడింటిలోనూ నెగ్గితే బడికి 8 షిల్లింగుల గ్రాంటు. తప్పిన ప్రతి అంశానికీ 2 షిల్లింగుల 8 పెన్నీలు, అంటే అందులో మూడో వంతు కోత. టీచర్ల జీతాలు చాలాచోట్ల ఆ గ్రాంటు మీదే ఆధారపడేవి.

జరగాల్సిందే జరిగింది. పిల్లలు పాఠ్యపుస్తకాన్ని చదవడం మానేసి బట్టీ పట్టారు. ఇన్‌స్పెక్టర్ పేజీ తెరవగానే అప్పజెప్పేవారు. పరీక్షలో లేని చరిత్ర, భూగోళం, ప్రకృతి పాఠాలు పక్కకు జరిగాయి. 1851 నుంచి 1886 దాకా ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన కవి మాథ్యూ ఆర్నాల్డ్ ఈ పద్ధతి బోధనను యంత్రంలా మార్చేస్తోందని తన నివేదికల్లో పదేపదే రాశాడు. ఆ వ్యవస్థలోనే ఉద్యోగం చేస్తూ, దాని తప్పును ఆ వ్యవస్థకే ఏటా రాతపూర్వకంగా చెప్పడం చిన్న విషయం కాదు. అయినా ఆ పద్ధతి పూర్తిగా తొలగేసరికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. ఈలోగా ఒక తరం పిల్లల బాల్యం ఆ అప్పజెప్పడంలోనే గడిచిపోయింది.

చూసేవారి ఒక్క తీర్పు మీద డబ్బో పరువో ఉద్యోగమో ఆధారపడితే, చూపించే రోజుకూ మామూలు రోజుకూ మధ్య దూరం పెరుగుతూ పోతుంది. షిల్లింగులు పోయి గ్రేడులు వచ్చినా ఈ సంగతి మారలేదు. ఇంగ్లండ్‌లో 1992 చట్టంతో ఆఫ్‌స్టెడ్ అనే బడుల తనిఖీ సంస్థ ఏర్పడింది. చాలాకాలం అక్కడ ఇన్‌స్పెక్టర్లు ఒక్కో పాఠాన్ని చూసి ఒక్కో గ్రేడు ఇచ్చేవారు. ఏడాది పొడవునా చెప్పిన పాఠాలన్నీ ఒక ఎత్తు, ఎవరో వెనక కూర్చున్న ఆ కొద్ది నిమిషాలూ ఒక ఎత్తు అయ్యాయి. 2014లో ఈ గ్రేడింగును మానేశారు. ఆ నిర్ణయానికి గట్టి కారణమే ఉంది. అమెరికాలో గేట్స్ ఫౌండేషన్ ఖర్చుతో వేలమంది టీచర్లతో జరిగిన ఎమ్.ఈ.టీ. (మెజర్స్ ఆఫ్ ఎఫెక్టివ్ టీచింగ్, మంచి బోధనను కొలిచే తీరు) అధ్యయనం, శిక్షణ పొందిన పరిశీలకుడైనా ఒకే పాఠం చూసి ఇచ్చే మార్కును గట్టిగా నమ్మలేమని తేల్చింది. అదే పరిశీలకుడు మరో పాఠం చూసినదానికంటే, మరో పాఠాన్ని వేరొకరు చూస్తే నమ్మకం ఎక్కువ పెరుగుతుందని కూడా అందులో తేలింది. అందుకే తనిఖీ బృందాల్లో ఇద్దరు కలిసి ఒకే గదిలో కూర్చుని, బయటికొచ్చాక ఒకరి మాట ఒకరు వినకముందే ఎవరికి వారు రాసుకుని, ఆ తర్వాత పోల్చుకోవడం మంచి అలవాటు. చాలాసార్లు ఆ రాతలు కలవవు. కలవని చోటే ఆగి, నువ్వేం చూశావు, నేనేం చూశాను అని తవ్వితే అసలు విషయం బయటపడుతుంది.

చెప్పకుండా వెళ్తే మామూలు రోజు దొరుకుతుంది కదా అని అనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో ఈ దారి కూడా తొక్కారు. తొలినాళ్లలో వారాల ముందే కబురు అందేది. 2005 నుంచి గడువు దాదాపు రెండు రోజులకు కుదించారు. తర్వాత్తర్వాత ముందు రోజు ఒక ఫోన్ కాల్ దాకా వచ్చింది. చివరి నిమిషపు హడావుడి తగ్గిన మాట నిజం. దాని బదులు ఇంకోటి వచ్చింది: ఏ రోజైనా రావచ్చు కాబట్టి ప్రతి రోజూ సిద్ధంగా ఉండటం. ఇన్‌స్పెక్టర్లు ఇది అడుగుతారట, అది చూస్తారట అన్న పుకార్ల మీద బడుల్లో నియమాలు పుట్టాయి. ప్రతి పాఠానికీ నిడివైన రాతపూర్వక ప్రణాళికలు, నోట్‌బుక్కుల్లో రకరకాల రంగుల పెన్నులతో దిద్దుబాట్లు. టీచర్ల సాయంత్రాలన్నీ అందులోకే పోయాయి. చివరికి 2014లో ఆఫ్‌స్టెడ్ స్వయంగా ఒక వివరణ పత్రం వెలువరించి, లెసన్ ప్లాన్లు చూపమని తాము అడగబోమనీ, ఫలానా విధంగానే దిద్దాలన్న నియమం తమకు లేదనీ చెప్పాల్సి వచ్చింది. ముందే చెబితే ఒక రోజు నటన, చెప్పకపోతే ఏడాదంతా భయం. ఎంచుకోవాల్సి వస్తే కొద్దిపాటి గడువు ఇవ్వడమే నయం. ఎందుకంటే మామూలు రోజు జాడలు ఆ కొద్ది గంటల్లో చెరిగిపోవు, వెతకడం తెలిసినవారికి నోట్‌బుక్కుల్లో, పట్టీల్లో, పిల్లల మాటల్లో దొరుకుతాయి.

వృత్తి శిక్షణ తనిఖీలో ఈ జాడలు ఇంకోచోట ఉంటాయి: చేతుల్లో. ఇంగ్లండ్‌లో పెద్దల శిక్షణకు 2001 నుంచి వేరే తనిఖీ సంస్థ ఉండేది, 2007లో దాన్ని ఆఫ్‌స్టెడ్‌లో కలిపేశారు. వేల్స్‌లో ఎస్టిన్ అనే ఒకే సంస్థ బడుల్నీ పని చోట శిక్షణనూ చూస్తుంది. ఈ రెండు పనులూ ఒకే కుర్చీలో ఉన్నా, శిక్షణను చూడటానికి బడి కళ్లు సరిపోవు. ఇక్కడ తరగతి గది ఒక వర్క్‌షాప్, లేదా ఒక వృద్ధాశ్రమం, లేదా కట్టడం జరుగుతున్న ఒక స్థలం. నేర్చుకునే మనిషి అక్కడ అప్రెంటిస్ మాత్రమే కాదు, పనివాడు కూడా. చేతికిచ్చే ఫైలు నిండా ట్రైనర్ సంతకాలుంటాయి. పన్నెండు నైపుణ్యాలకు పన్నెండు రుజువులు. తేదీలు చూస్తే పన్నెండూ ఒకే వారంలో రాసినవి కావచ్చు.

ఎలక్ట్రికల్ పని నేర్చుకుంటున్న అప్రెంటిస్‌ను తీసుకుందాం. ఒక సర్క్యూట్ మీద చేయి వేసే ముందు సరఫరా ఆపాలి. టెస్టర్ పనిచేస్తోందో లేదో కరెంటున్న మరో చోట పెట్టి చూసుకోవాలి. ఆ తర్వాత పని చేయాల్సిన తీగల్ని పరీక్షించాలి. ఆఖరున టెస్టర్‌ను మళ్లీ కరెంటున్న చోట పెట్టి, అది మధ్యలో చెడిపోలేదని రూఢి చేసుకోవాలి. ప్రశ్న అడిగితే ఈ మెట్లన్నీ చెప్పగలిగేవారు చాలామంది ఉంటారు. పని చేస్తుండగా చూస్తే చివరి మెట్టు దగ్గర తేడా తెలుస్తుంది. రోజూ చేసేవారి చేయి ఆలోచించకుండా ఆ ఆఖరి పరీక్ష వైపు వెళ్తుంది. తనిఖీ కోసం నేర్చుకున్నవారు అక్కడ ఒక్క క్షణం ఆగుతారు, లేదా దాటేస్తారు. వృద్ధుల సంరక్షణలో శిక్షణ పొందుతున్నవారి విషయంలోనూ ఇంతే. మంచం మీది పెద్దావిడను లేపి కూర్చోబెట్టే ముందు ఆమె కళ్లలోకి చూసి, ఏం చేయబోతున్నారో చెప్పి, సరేనన్న తర్వాతే చేయి వేస్తున్నారా? అలవాటు పడిన మర్యాదకూ అప్పటికప్పుడు తెచ్చిపెట్టుకున్న మర్యాదకూ తేడాను ఆ పెద్దావిడ ముఖమే చెబుతుంది. అలవాటును ఒక్క రోజు కోసం తయారుచేయలేరు. ఆ లెక్కన శిక్షణ తనిఖీ బడి తనిఖీకన్నా కొంత నయం, మామూలు రోజు అక్కడ మనిషి కదలికల్లోనే దొరుకుతుంది.

కష్టం వేరే చోట ఉంది. యజమానికి పని కావాలి, అప్రెంటిస్‌కు చదువు కావాలి. మొదటి నెలలో ఊడ్చి, సామాన్లు మోసినవారు పదో నెలలోనూ అదే చేస్తుంటే, శిక్షణ పేరుతో చవక కూలీ నడుస్తున్నట్టే. "గత నెల చేయలేనిది ఈ నెల ఏం చేయగలుగుతున్నావు?" అన్న ప్రశ్న ఇలాంటి చోట చాలా పనికొస్తుంది. దాన్ని యజమాని లేని చోట, తొందరపెట్టకుండా అడగాలి. సంస్థ చూపే ఉత్తీర్ణత శాతాన్ని కూడా తిరగేసి చూడాలి. పరీక్ష రాసినవారిలో ఎందరు నెగ్గారన్నది ఒక లెక్క. చేరినవారిలో ఎందరు చివరిదాకా మిగిలారన్నది వేరే లెక్క. మధ్యలో మానేసినవారికి ఫోన్ చేసి కారణం అడిగే ఓపిక బృందానికి ఉంటే, ఫైళ్లు చెప్పని కబుర్లు చాలా తెలుస్తాయి.

చూసినదాన్ని చెప్పడం ఈ పనిలో సగం. సాయంత్రం బృందం కూర్చున్నప్పుడు ఒక్కో అభిప్రాయానికీ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే, ఆధారం ఏది? బడి బయట కాలనీని చూసి, గత ఫలితాల పట్టిక చూసి మనసులో ముందే ఒక తీర్పు ఏర్పడటం మానవ సహజం. పేద కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకు మంచి గ్రేడు దక్కే అవకాశం తక్కువగా ఉంటోందని ఇంగ్లండ్ అనుభవం చెబుతోంది. అందులో బోధన లోపమెంత, చూసేవారి కళ్లద్దాల లోపమెంత అన్నది ప్రతి బృందమూ తనను తాను ప్రశ్నించుకోవాలి. లెక్కల పట్టికలు ప్రశ్నలు తయారుచేసుకోవడానికి పనికొస్తాయి, జవాబులు మాత్రం గదిలోనే దొరకాలి.

నివేదికలో "బోధన మరింత మెరుగుపడాలి" అని రాస్తే ప్రధానోపాధ్యాయురాలు దాన్ని ఏం చేసుకోవాలి? అది ప్రపంచంలో ఏ బడికైనా అతుకుతుంది. "నాలుగో తరగతి భిన్నాల్లో పిల్లలు చేసే తప్పులు ఆ వారంలో పట్టుబడటం లేదు, మూడు వారాల తర్వాతి రాతల్లోనూ అవే కనిపిస్తున్నాయి" అని రాస్తే, ఆ వాక్యాన్ని మర్నాడు స్టాఫ్ రూమ్‌కి తీసుకెళ్లి పని మొదలుపెట్టవచ్చు. మెచ్చుకోలు కూడా ఇంత నిర్దిష్టంగానే ఉండాలి. బాగా చేస్తున్న టీచర్‌కు తాను సరిగ్గా ఏం బాగా చేస్తున్నారో చెప్పేవారు చాలా అరుదు.

ఇలా రాసిన పేజీల పైన ఒకే ఒక్క మాట ముద్రలా పడితే పేజీలెవరూ చదవరు. ఇంగ్లండ్‌లో బడి మొత్తానికి అలాంటి ఒక్క మాట తీర్పు ఉండేది. 2023లో ఒక ప్రధానోపాధ్యాయురాలి ఆత్మహత్యకు ఆమె బడిలో జరిగిన తనిఖీ కూడా కారణమైందని కరోనర్ (అసహజ మరణాల కారణం తేల్చే అధికారి) విచారణ తేల్చింది. 2024 సెప్టెంబరులో ప్రభుత్వ బడులకు ఆ ఒక్క మాట తీర్పును తొలగించారు. వేల్స్‌లో 2022లోనే గ్రేడులు వదిలేసి మాటల్లో రాయడం మొదలుపెట్టారు. గ్రేడు పోతే నివేదిక మెత్తబడుతుందని వాదించేవారున్నారు. మెత్తబడక్కర్లేదు. పిల్లలకు ప్రమాదం ఉంటే ఆ మాట నేరుగా రాయాలి, ఆ రోజే చెప్పాల్సినవారికి చెప్పాలి. అది గ్రేడుతో పనిలేని బాధ్యత. చెప్పే తీరు సంగతికి వస్తే, ఎదుట కూర్చున్న మనిషి ఇరవై ఏళ్ల జీవితం ఆ గదిలో ఉందన్న ఎరుక ఉంటే చాలు, కఠినమైన నిజాన్ని కూడా మనిషిని తక్కువ చేయకుండా చెప్పవచ్చు.

ఫిన్లాండ్ 1990ల ఆరంభంలో బడి తనిఖీలనే ఎత్తేసింది. అక్కడ టీచర్లకు మాస్టర్స్ స్థాయి చదువు తప్పనిసరి. దేశవ్యాప్తంగా కొందరు పిల్లల్ని నమూనాగా ఎంచి పరీక్షించి చదువు ఎలా ఉందో అంచనా వేస్తారు, మిగతాది బడులే తమను తాము పరిశీలించుకుంటాయి. ఆ నమ్మకానికి వెనక దశాబ్దాల పాటు టీచర్ల తయారీ మీద పెట్టిన శ్రమ ఉంది. ఆ శ్రమ పడని చోట తనిఖీని మాత్రం ఎత్తేస్తే, వెనక వరుసలో చేయి ఎత్తని పిల్ల గురించి అడిగే ఆ ఒక్క బయటి మనిషీ ఉండరు.

లోపాలు దొరికిన బడికి తనిఖీ బృందం కొంతకాలం తర్వాత మళ్లీ వెళ్తుంది. అప్పుడు ముందుగా చేతికొచ్చేది దిద్దుబాటు చర్యల ఫైలు. సమావేశాల తేదీలు, టీచర్లకిచ్చిన శిక్షణ, కొత్త పట్టికలు అన్నీ అందులో ఉంటాయి. దాన్ని తీసుకుని పక్కన పెట్టుకోవచ్చు. పోయినసారి నాలుగో తరగతిలో ఉన్నవాళ్లు ఇప్పుడు ఐదులో ఉంటారు. పట్టీ చూసి నలుగురి పేర్లు ఎంచి, ఒక తెల్ల కాగితం ఇచ్చి, సగానికి మూడో వంతు కలపమనాలి. ఆ తర్వాత ఎందుకలా చేశారో వాళ్ల మాటల్లోనే వినాలి.